పటం చుట్టూ చరిత్ర: హాషియా నుండి కంప్యూటర్ చట్రం వరకు

తెలుగువారి ఇండ్లలో ఛాయాచిత్రం గోడ మీదికి చేరే ముందు జరిగే పనిని 'పటం కట్టించడం' అంటారు. సంస్కృతంలో పటమంటే వస్త్రం. గుడ్డ మీద చిత్రించిన బొమ్మకు ఆ పేరు వచ్చింది. తరువాత కాగితం మీది బొమ్మకూ, చివరకు అద్దం, కొయ్య చట్రం, వెనుక అట్ట కలిసిన మొత్తం వస్తువుకూ ఆ మాటే స్థిరపడింది. మన వాడుకలో విడి బొమ్మ ఫొటో మాత్రమే, చట్రంలో కుదిరిన తరువాతనే అది పటమవుతుంది. ఒక రూపం ఇంటిలో పదికాలాల పాటు ఉండదగినదని కుటుంబం నిర్ణయించిందనడానికి ఆ చట్రమే గుర్తు.

ఈ పని ఇప్పుడు కొయ్యతో, మేకులతో అవసరం లేకుండా కంప్యూటర్ తెర మీదనే జరిగిపోతున్నది. పెండ్లి ఫొటో చుట్టూ మామిడి పిందెల అంచు, స్వర్గస్థులైన పెద్దల చిత్రం చుట్టూ పూలమాల, పసిపాప బొమ్మ చుట్టూ రంగుల బుడగలు క్షణాలలో అమరుతున్నాయి. చిత్రాలను సవరించే సాఫ్ట్‌వేర్ ఉన్న ప్రతి ఇంటా ఒక పటాల కొట్టు వెలసినట్లే. ఇది కాలక్షేపపు పనిగా కనిపించవచ్చు. అయితే బొమ్మ చుట్టూ అంచు తీర్చడం మన దేశంలో శతాబ్దాల నాటి విద్య. ఆ విద్య బొమ్మలను ఎలా కాపాడిందో, ఎలా గాయపరిచిందో తెలుసుకుంటే నేడు మనం తెర మీద చేస్తున్న పనిని మరికొంత బాధ్యతతో చేయగలుగుతాము. ఆ ఉద్దేశంతోనే ఈ వ్యాసం.

అంచు అనే భావన

భారతీయ కళలో అంచు అదనపు సొగసు కాదు, అవసరం. నేతగాడికి అంచు లేని చీర ముగింపు లేని వస్త్రం. విజయనగర పాలకుడు అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) రూపుదిద్దుకున్న లేపాక్షి వీరభద్రాలయపు కప్పు మీది చిత్రాలను పరిశీలిస్తే కథాఘట్టాలు పొడవాటి పట్టీలుగా సాగుతూ కనిపిస్తాయి. వాటిని వేరుచేసేవి అలంకార రేఖలే. తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులు కులపురాణాలను పొడవైన గుడ్డ చుట్టల మీద చిత్రిస్తారు. ఒక ఘట్టానికి, మరొక ఘట్టానికి నడుమ పూల పట్టీ వస్తుంది. కథకుడు చుట్టను విప్పుతూ ఏ పట్టీ దగ్గర ఆగాలో, ఎక్కడ మొదలుపెట్టాలో ఆ అంచే తెలుపుతుంది. ఈ విధంగా అంచు చూపరి కంటికి హద్దును, కథకుడి గొంతుకు విరామాన్ని ఇచ్చింది.

ఒకే ఒక్క చిత్రాన్ని విడిగా తీసుకొని, దాని చుట్టూ వెడల్పైన అలంకృత సరిహద్దును నిర్మించే పద్ధతి మాత్రం మన దేశంలో మొగలు చక్రవర్తుల చిత్రశాలలలో పరాకాష్ఠకు చేరింది. ఆ సరిహద్దు పేరే హాషియా.

అతుకుల పుస్తకం

పర్షియన్ భాషలో చిత్రాల సంపుటిని 'మురక్కా' అంటారు. ఆ మాటకు అతుకులు వేసినదని అర్థం. సూఫీ సాధువులు ధరించే అతుకుల అంగీకీ ఆ పేరే ఉన్నది. పేరుకు తగినట్లే మురక్కాలోని ప్రతి పుట అతుకుల పని. వేరువేరు కాలాలలో, వేరువేరు ఊళ్ళలో తయారైన చిన్న చిత్రాలను, అందమైన దస్తూరీ తునకలను సేకరించి ఒకే పరిమాణం గల పుటలలో అమర్చేవారు.

పని అనేక దశలలో సాగేది. పలుచని కాగితాలను ఒకదానిపై ఒకటి అతికించి గట్టి అట్టను తయారు చేసేవారు. దీనిని 'వస్లీ' అంటారు. దానిని నున్నని రాయితో రుద్ది మెరుగుపెట్టేవారు. నడుమ చిత్రాన్ని అమర్చి, అతుకు కనపడకుండా చుట్టూ బంగారు, ఎరుపు, నీలి రంగులలో సన్నని గీతలు గీసేవారు. ఈ గీతల వరుసను 'జద్వల్' అంటారు. ఆ గీతల వెలుపల ఒక సన్నని అలంకార పట్టీ, దాని వెలుపల విశాలమైన హాషియా వచ్చేవి. హాషియా మీద కొన్నిచోట్ల బంగారు పొడిని చిలకరించేవారు, మరికొన్నిచోట్ల లతలను, పక్షులను, మనుష్యులను చిత్రించేవారు. కాగితం సిద్ధం చేసేవాడు ఒకడు, గీతలు గీసేవాడు ఒకడు, పూలు వ్రాసేవాడు మరొకడు. నడుమనున్న చిత్రాన్ని గీసినవాడు అప్పటికి ఎంతోకాలం క్రితమే మరణించి ఉండవచ్చు.

మరొక విశేషం కూడా గమనార్హం. చిత్రం పుటకు సరిగ్గా నడుమ ఉండదు. పుస్తకం కుట్టు వైపున హాషియా సన్నగాను, మిగిలిన మూడు వైపుల వెడల్పుగాను ఉంటుంది. అందువల్ల విడిపోయిన ఆకును చూసి అది ఒకప్పుడు కుడి పుటయో, ఎడమ పుటయో చెప్పవచ్చు. అంచు కొలత కూడా చరిత్రకారునికి ఆధారమే.

అంచులో నిలిచిన మనుషులు

జహంగీరు కోసం తయారైన సంపుటాలలో 'మురక్కా-ఎ-గుల్షన్' సుప్రసిద్ధమైనది. దీని ఆకులలో అధికభాగం నేడు టెహ్రాన్‌లోని గులిస్తాన్ ప్రాసాద గ్రంథాలయంలో ఉన్నది. 1739లో నాదిర్‌షా దండయాత్ర తరువాత ఇది ఇరాన్ చేరి ఉంటుందని పండితులు భావిస్తారు. దీనికి సంబంధించిన మరికొన్ని ఆకులను 1860–61లో ప్రష్యా రాయబార బృందంతో ఇరాన్ వెళ్ళిన హైన్రిష్ బ్రూగ్ష్ సేకరించాడు. అవి బెర్లిన్‌లో ఉన్నాయి.

ఈ సంపుటపు ఒక పుటలో దౌలత్ అనే చిత్రకారుడు హాషియాలో తన తోటి కళాకారుల రూపాలను చిత్రించాడు. అబుల్ హసన్, మనోహర్, బిషన్‌దాస్, గోవర్ధన్ అక్కడ కూర్చొని పనిచేస్తూ కనిపిస్తారు, దౌలత్ తన రూపాన్ని కూడా అక్కడే ఉంచాడు. వాషింగ్టన్‌లోని ఫ్రీర్ చిత్రశాలలో ఉన్న జహంగీరు కాలపు మరొక ఆకు అంచులో కాగితానికి మెరుగు పెట్టేవాడు, పుస్తకాన్ని కుట్టేవాడు వంటి పనివారు దర్శనమిస్తారు. సామ్రాజ్యపు అధికార చరిత్రలలో ఇటువంటి పనివారికి ఎంత చోటు దక్కిందో మనకు తెలుసు. చక్రవర్తి పుస్తకంలో వారికి దొరికిన చోటు అంచు మాత్రమే. అయినా నాలుగు వందల ఏండ్ల తరువాత ఆ చిత్రశాల ఎలా పనిచేసిందో తెలుసుకోవాలంటే మనం చూడవలసినది ఆ అంచునే.

1620లో జహంగీరు కాశ్మీరులో వసంతకాలాన్ని గడిపాడు. అక్కడి పూలను చూసి ముగ్ధుడై, తన ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ నూరుకు పైగా పూలను చిత్రించాడని ఆత్మకథలో నమోదు చేశాడు. అదే కాలంలో ఐరోపా నుండి వృక్షశాస్త్ర గ్రంథాల అచ్చుబొమ్మలు ఆస్థానానికి చేరుతున్నాయి. ఈ రెండింటి ప్రభావంతో షాజహాన్ కాలానికి హాషియా పూలతోటగా మారింది. వేరు నుండి మొగ్గ వరకు కనబడేలా విడివిడి మొక్కలు వరుసగా నిలిచి, బంగారు రేఖలతో మెరిశాయి. తాజ్‌మహల్ గోడల మీద రాతిలో పొదిగిన పూల మొక్కలకూ, ఈ పుటల అంచులలోని మొక్కలకూ ఉన్న దగ్గరి బంధుత్వం చూడగానే తెలుస్తుంది.

కత్తెర కథ

ఇంత అందమైన విద్యకు మరొక ముఖం కూడా ఉన్నది. చిత్రాన్ని పుటలో అమర్చాలంటే దాని పరిమాణం ముందే నిర్ణయమైన చోటికి సరిపోవాలి. పెద్దదైతే కోసేవారు. చిన్నదైతే చుట్టూ కాగితం అతికించి, రంగు పులిమి పెంచేవారు. వేరే గ్రంథం నుండి కత్తిరించిన పద్యాల తునకలను చిత్రం చుట్టూ అతికించిన సందర్భాలు అనేకం. ఆ పద్యానికీ, ఆ చిత్రానికీ సంబంధం ఉండనవసరం లేదు. ఒక పటానికి అంచు కట్టడం కోసం ఒక కావ్యం చిరిగిపోయిందన్నమాట.

ఆ పుటలకు సైతం తరువాతి కాలంలో అదే గతి పట్టింది. 1929లో స్కాట్లాండ్‌లోని ఒక పాతవస్తువుల దుకాణంలో బయటపడిన షాజహాన్ సంపుటంలో 50 ఆకులు ఉన్నాయి. వాటిలో 41 న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోను, 9 ఫ్రీర్ చిత్రశాలలోను ఉన్నాయి. పరిశోధకులు పరిశీలించగా వాటిలో కొన్ని పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్ళలో తయారైన నకళ్ళని తేలింది. అసలు హాషియాల నడుమ కొత్త బొమ్మలు, కొత్త హాషియాల నడుమ పాత బొమ్మలు చేరాయి. షాజహాన్ చివరి కాలపు మరొక సంపుటం 1909 తరువాత ప్యారిస్ కళావ్యాపారుల చేతిలో విడిపోయింది. ఆకుకు ముందూ వెనుకా బొమ్మలు ఉండటంతో రెండు వెలలు వస్తాయన్న ఆశతో కొన్ని ఆకులను మందం వెంట రెండుగా చీల్చారు. ఈ చరిత్రను బట్టి ఒక సూత్రాన్ని చెప్పుకోవచ్చు: కాగితం మీద చట్రం కట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి కోతకు గురవుతుంది, ఏదో ఒకటి మరుగున పడుతుంది.

దక్కన్, తంజావూరు, బజారు

హాషియా కళ మొగలు ఆస్థానానికే పరిమితం కాలేదు. గోల్కొండ, బీజాపూరు సుల్తానుల గ్రంథాలయాలలోనూ అలంకృత ప్రతులు తయారయ్యాయి. నీటి మీద రంగులను తేల్చి కాగితానికి పట్టించే 'అబ్రీ' పని దక్కన్‌లో విశేషంగా సాగింది. హైదరాబాదులో 1951లో ప్రారంభమైన సాలార్‌జంగ్ మ్యూజియంలో మహమ్మద్ కులీ కుతుబ్ షా కవితల అలంకృత ప్రతి ఉన్నది. తెలుగు ప్రాంతంలో ఈ విద్య ఎంత ఉన్నత స్థాయిని అందుకున్నదో తెలుసుకోగోరే వారు దానిని చూడవలసి ఉన్నది.

దక్షిణాన తంజావూరు చిత్రకళ వేరొక మార్గం తొక్కింది. ఆ కళను పోషించిన వృత్తి కుటుంబాలలో ఆంధ్రదేశం నుండి వలస వెళ్ళిన రాజులు, నాయుళ్ళు ముఖ్యులు. కొయ్యపలక మీద గుడ్డను అతికించి, సుద్దముద్దతో ఉబ్బెత్తు పని చేసి, పైన బంగారు రేకును అద్ది, గాజురాళ్ళు పొదుగుతారు. దేవతామూర్తికి ఇరువైపులా స్తంభాలు, పైన తోరణం, తెరలు బొమ్మలోనే భాగాలుగా ఉంటాయి. ఇక్కడ చట్రం బయట లేదు, బొమ్మ లోపలే ఉన్నది. చిత్రించిన గుడిలో చిత్రించిన దేవుడు వెలుస్తాడు.

1894లో రాజా రవివర్మ బొంబాయిలో రంగుల అచ్చుయంత్రశాలను స్థాపించాడు. తరువాత అది లోనావాలా సమీపంలోని మళవలికి తరలింది. అక్కడ అచ్చయిన లక్ష్మీ సరస్వతుల బొమ్మలు రాజప్రాసాదాలను దాటి సామాన్యుల పూజామందిరాలకు చేరుకున్నాయి. వాటి వెంటే పటాలు కట్టే కొట్లూ పెరిగాయి. కొందరు ఆ అచ్చుబొమ్మలకు తళుకులు, జరీ పోగులు కుట్టి అలంకరించారు. చక్రవర్తి ఒక్కడే అనుభవించిన అంచు అందం ఈ విధంగా బజారుకు వచ్చింది.

ఫొటో అట్ట చెప్పే సంగతులు

ఛాయాచిత్రకళ ఐరోపాలో వెల్లడైన మరుసటి సంవత్సరమే, 1840లో, మన దేశంలో అడుగుపెట్టింది. 1854లో బొంబాయిలోను, 1856లో మద్రాసు, కలకత్తా నగరాలలోను ఛాయాచిత్ర సంఘాలు ఏర్పడ్డాయి. అదే 1854లో ప్యారిస్‌లో డిస్దేరి అనే ఛాయాచిత్రకారుడు చిన్న ఫొటోలను చేతిలో పట్టేటంత అట్టలకు అతికించే పద్ధతికి హక్కు పొందాడు. తరువాతి దశాబ్దంలో 'కేబినెట్' పరిమాణపు పెద్ద అట్టలు వచ్చాయి. అట్ట ముందుభాగాన, వెనుకభాగాన స్టూడియో పేరు, ఊరు, పొందిన పతకాలు, బిరుదులు బంగారు అక్షరాలతో అచ్చయ్యేవి. ఛాయాచిత్రానికి అది కొత్త హాషియా.

సికింద్రాబాదుతో ముడిపడిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) జీవితం ఈ సందర్భంలో స్మరణీయం. మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా ఉంటూ ఆయన ఛాయాచిత్రకళను అభ్యసించాడు. తరువాత ఉద్యోగాన్ని వదలి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియోను నెలకొల్పాడు. 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేక స్టూడియో తెరచి, అక్కడ ఫొటోలు తీసే బాధ్యతను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఆయన స్టూడియో గాజు పలకల నెగెటివ్‌లు 2,800కు పైగా న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

గాజు పలకలో బొమ్మ ఉంటుంది. అట్ట మీద ఆ బొమ్మ ఎవరి చేతికి చేరిందో తెలిపే ఆధారాలు ఉంటాయి. స్టూడియో ఏ నగరంలో ఉన్నదో, అప్పటికి ఏ బిరుదు లభించిందో అట్ట మీది అచ్చును బట్టి తెలుసుకొని, తేదీ లేని ఫొటోకు కూడా పరిశోధకులు కాలనిర్ణయం చేయగలుగుతారు. కుటుంబసభ్యులు సిరాతో వ్రాసిన పేర్లు ఉంటే అవి మరింత విలువైనవి. మన ఇండ్లలోని పాత ఫొటోల విషయంలోనూ ఇంతే. బొమ్మలో ఉన్నది ఎవరో మరచిపోయిన రోజున, గుర్తుచేయగలిగేది అట్ట ఒక్కటే.

మా ఇంటి అట్ట

ఈ మాటలు గ్రంథపఠనం వల్ల మాత్రమే వ్రాస్తున్నవి కావు. మా ముత్తాతగారు పొట్టకూటి కోసం ఉత్తరాంధ్ర తీరం నుండి బర్మా వెళ్ళిన వేలాది మందిలో ఒకరు. మా ప్రాంతంలో రంగూనును 'రంగం' అనేవారు. అక్కడ తీయించుకున్న ఆయన ఫొటో ఒక్కటే మా ఇంటిలో మిగిలింది. ముదురు గోధుమరంగు అట్ట, దాని అడుగున స్టూడియో పేరు, వెనుకవైపు తాతగారి చేతివ్రాతలో రెండు పంక్తులు ఉండేవి. దాదాపు పదిహేనేండ్ల క్రితం, ఒక శుభకార్యానికి ముందు, దానిని పెద్దది చేయించమని బంధువులు పట్టణంలో ఒక ఫొటో దుకాణానికి ఇచ్చారు. వారంలో కొత్త పటం వచ్చింది. మరకలు పోయాయి, ముత్తాతగారి చుట్టూ గులాబీలు, మూలల్లో బంగారు లతలు, వెనుక నీలాకాశం అమరాయి. అందరూ సంతోషించారు. స్కానర్‌లో సరిగా పట్టడం లేదని అసలు ఫొటోను అట్ట నుండి ఊడదీశారనీ, ముక్కలైన అట్టను పారవేశారనీ తరువాత తెలిసింది.

ఆ దుకాణదారుడికి దురుద్దేశం లేదు. తన దృష్టిలో ఆ అట్ట పాతబడిన చట్రం, అతడు దానికి బదులు కొత్త చట్రం ఇచ్చాడు. మా నాన్నగారు మాత్రం కొత్త పటాన్ని చాలాసేపు చూసి, "ఈయన రంగం వెళ్ళినట్టు ఇంక మనం నోటితో చెప్పుకోవలసిందే" అన్నారు. 1942లో యుద్ధభయంతో బర్మా నుండి కాలినడకన బయలుదేరిన వారిలో చాలామంది కాగితాలేవీ వెంట తెచ్చుకోలేకపోయారు. మా కుటుంబానికి మిగిలిన ఏకైక లిఖిత సాక్ష్యం ఆ అట్ట. స్టూడియో పేరు ఏమిటో నేడు మాలో ఎవరికీ గుర్తు లేదు. తాతగారు వ్రాసిన రెండు పంక్తులలో ఒకదానిని మాత్రమే, అదీ సగం, మా మేనత్త చెప్పగలదు.

కోత లేని చట్రం

విచారకరమైన విషయమేమిటంటే, ఆ దుకాణంలోని కంప్యూటర్‌కు అసలు దేనినీ కోయవలసిన అవసరం లేదు. 1957లో అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ బృందం కంప్యూటర్ ద్వారా స్కాన్ చేసిన తొలి ఛాయాచిత్రం కూడా ఒక కుటుంబ చిత్రమే. అది కిర్ష్ మూడు నెలల కుమారుని ఫొటో. అడ్డంగా 176, నిలువుగా 176 చుక్కలు మాత్రమే గల చతురస్రం. చుక్కలుగా మారిన బొమ్మను అసలును తాకకుండా ఎన్నిసార్లయినా నకలు చేయవచ్చు.

థామస్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫొటోషాప్ 1990లో మార్కెట్లోకి వచ్చింది. 1994లో వెలువడిన దాని మూడవ రూపంలో 'లేయర్లు', అంటే పొరలు ప్రవేశించాయి. 1995లో బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ ఆరంభించిన గింప్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తుంది, అందులోనూ పొరలు ఉన్నాయి. గాజు పలకలను ఒకదానిపై ఒకటి పేర్చినట్లు బొమ్మ ఒక పొరలో, అంచు మరొక పొరలో, అక్షరాలు వేరొక పొరలో ఉంటాయి. ఒకదానిని మార్చినా, తొలగించినా మరొకటి చెక్కుచెదరదు. వస్లీ కూడా పొరల పనే అయినా, అక్కడ అతికించిన కాగితాన్ని విడదీస్తే చిరుగుతుంది. మురక్కా తయారు చేసినవారికి లభించని సౌకర్యం మనకు లభించింది.

ఈ సౌకర్యాన్ని వినియోగించుకొంటూ పాత ఫొటోకు హాషియా కట్టే పద్ధతిని క్లుప్తంగా వివరిస్తాను. మొదట ఫొటోను అట్టతో సహా, ముందూ వెనుకా రెండు వైపులా స్కాన్ చేయాలి. అంగుళానికి 600 చుక్కల చొప్పున చేస్తే 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు గల ఫొటో 2,400 × 3,600 చుక్కలవుతుంది. దీనిని 'టిఫ్' రూపంలో భద్రపరచాలి. 'జేపెగ్' రూపంలో సవరించి దాచిన ప్రతిసారీ కొంత వివరం నశిస్తుంది. ఈ మూలప్రతిని మళ్ళీ ముట్టుకోరాదు. మిగిలిన పని అంతా దాని నకలు మీదనే సాగాలి.

రెండవ దశలో నకలును తెరచి, కాన్వాస్‌ను, అంటే పని జరిగే స్థలాన్ని పెంచాలి. పై కొలతకు ఇరుపక్కల, పైన రెండేసి అంగుళాలు, అడుగున రెండున్నర అంగుళాలు కలిపితే మొత్తం 4,800 × 6,300 చుక్కలు వస్తాయి. అడుగు అంచు కొంచెం వెడల్పుగా ఉంటే బొమ్మ జారిపోతున్నట్లు అనిపించదు. బొమ్మ కింద కొత్త పొరను చేర్చి లేత దంతపు రంగు నింపాలి. తెల్లని తెలుపు పాత ఫొటోను మరింత వెలిసినట్లు చూపుతుంది.

మూడవ దశ జద్వల్. బొమ్మ పైన వేరొక పొరలో, దాని హద్దు వెంట ఒక సన్నని ముదురు గీత, కొద్దిగా ఎడమిచ్చి ఒక వెడల్పైన బంగారు వన్నె గీత, మళ్ళీ ఒక సన్నని గీత గీయాలి. గీతలన్నీ ఒకే మందంలో ఉంటే అంచు జీవం కోల్పోతుంది. నాలుగవ దశ హాషియా. అమ్మమ్మ చీర అంచును గాని, ఇంటి ద్వారబంధం మీది చెక్కడాన్ని గాని ఫొటో తీసి, అందులోని ఒక పువ్వును వేరుచేసి, ప్రత్యేక పొరలో వరుసగా పేర్చవచ్చు. సిద్ధంగా దొరికే గులాబీల కన్నా అది ఆ కుటుంబానికే చెందిన అంచు అవుతుంది. ఆ పొర గాఢతను తగ్గిస్తే పూలు వెనుకకు తగ్గి ముఖం ముందుకు వస్తుంది. బొమ్మలో ఏదైనా భాగం కనపడకూడదనుకుంటే దానిని చెరిపివేయకుండా 'మాస్క్' అనే తెరతో కప్పాలి. తెర తీస్తే మళ్ళీ కనబడుతుంది.

చివరిదీ, ముఖ్యమైనదీ వ్రాత. అడుగు అంచులో, వేరొక పొరలో, బొమ్మలో ఉన్నవారి పేర్లు, ఊరు, సంవత్సరం, అట్ట మీద ఉన్న స్టూడియో పేరు వ్రాయాలి. తెలియని చోట తెలియదని వ్రాయాలి. పొరలన్నీ విడివిడిగా ఉండేలా ఒక ప్రతిని దాచుకొని, పంచడానికి మాత్రమే పొరలు కలిసిన ప్రతిని తీసుకోవాలి. ఫొటోషాప్‌లో 1998 నుండి 'హిస్టరీ' అనే చిన్న పట్టిక ఉన్నది. చేసిన పనులను అది వరుసగా చూపుతుంది, కాని ఫైల్‌ను మూసివేయగానే ఆ చరిత్ర మాయమవుతుంది. యంత్రం నిలుపుకోని చరిత్రను మనమే అంచులో వ్రాసి నిలపాలి.

హాషియాకు రెండవ అర్థం

పర్షియన్, ఉర్దూ భాషలలో హాషియా అనే మాటకు అంచు అనే అర్థంతో పాటు మరొక అర్థం ఉన్నది. పుట పక్కన పండితులు వ్రాసే వివరణను, టిప్పణిని కూడా హాషియా అనే అంటారు. అంచు అలంకారానికే కాదు, నడుమ ఉన్నదానిని గురించి తరువాతివారికి చెప్పవలసిన మాట ఉండే చోటు కూడా. గుల్షన్ సంపుటపు అంచులో తోటివారి రూపాలను నిలిపిన దౌలత్ చేసినదీ, ఫొటో అట్ట వెనుక రెండు పంక్తులు వ్రాసిన మా తాతగారు చేసినదీ ఒకే పని.

ప్రభుత్వ ప్రాచ్యలిఖిత భాండాగారాలు, మ్యూజియాలు రాజుల చిత్రాలను, విఖ్యాతుల నెగెటివ్‌లను కాపాడుతున్నాయి. సామాన్య కుటుంబాల చిత్రాలకు భాండాగారం వారి ఇంటి గోడ, ఇనుప పెట్టె, నేడు కంప్యూటర్. వాటికి పరిరక్షకులు ఆ ఇంటివారే. పాత ఫొటోకు కొత్త అంచు కట్టాలన్న కోరిక మంచిదే. అది జ్ఞాపకానికి చేసే గౌరవం. కొత్త అంచును పాత అంచు మీద కాక, దాని పక్కన కట్టుకోవడం ఒక్కటే మనం పాటించవలసిన నియమం.

మా ముత్తాతగారి గులాబీల పటం ఇంకా మా హాలులోనే ఉన్నది. దానిని తీసివేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. నిరుడు మా మేనత్తను కూర్చోబెట్టుకొని ఆ బొమ్మకు మరొక ప్రతిని తయారు చేశాను. చుట్టూ మా ఇంటి పాత చీర అంచు, కింద ఆమెకు గుర్తున్న ఆ సగం పంక్తి. మిగిలిన సగానికి చోటును ఖాళీగానే ఉంచాను.